చేపల చుట్టరికాలు చూసిన పంతులుగారు

పంతులుగారు పోయారన్న సంగతి నాకు ధవళేశ్వరం లాకుల దగ్గర తెలిసింది. లాకులో నీళ్లు సర్దుకునేదాకా పడవలు ఆగి ఉన్నాయి. కాకినాడ నుంచి వచ్చిన పడవలో ఎరిగున్న గుమాస్తా ఒకాయన కనబడ్డాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ కాలేజీలో సైన్సు చెప్పేవాడే, చేపల పంతులు, పోయిన నెల్లో పోయాడటండీ. జ్వరమట" అన్నాడు. అని తాంబూలం నముల్తూ ఇంకేదో ధరల గురించి చెప్పాడు. లాకు తలుపులు తెరుచుకున్నాయి. ఆయన పడవ రాజమండ్రి వైపు పోయింది, నాది కిందికి పోయింది.

ఈ వయసులో చావు కబురు వింటే ఏడుపు రాదు. ఎక్కడైనా కాసేపు కూచుంటే బాగుండునని ఉంటుంది. పడవలో ఎలాగూ కూచునే ఉన్నాను కనక, అలాగే కూచున్నాను.

నేను డ్రాయింగు మాస్టర్ని. మా నాన్న ఆనకట్ట పనిలో తాపీమేస్త్రీ. మిషను వాళ్ల బళ్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని, ధవళేశ్వరం వర్కుషాపులో గీతలు గీయడం నేర్చుకుని, చివరికి రాజమండ్రి కాలేజీలో పిల్లలకి కుండలూ కుర్చీలూ బొమ్మలు వేయడం నేర్పేవాణ్ణి. అక్కడి పంతుళ్లలో చాలామంది నన్ను "ఏమోయ్" అనేవారు. దయగలవాళ్లు "ఏమయ్యా" అనేవారు. పంతులుగారు ఒక్కరే "మాస్టారూ" అని పిలిచి, చివర "అండీ" చేర్చేవారు. మొదటిసారి అలా పిలిచినప్పుడు నా వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూశాను.

"మాస్టారూ, మీరు తొందరగా గీయగలరాండీ?"

"ఎంత తొందరగానండీ?"

"చచ్చేలోపు" అన్నారు.

హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. ఆయన నన్ను సైన్సు గదిలోకి తీసుకెళ్లి, కిటికీ దగ్గర ఎండ పడేచోట పెట్టిన మైక్రోస్కోపు చూపించారు. పక్కనే తామరాకులో ఒక మగ కొర్రమీను. దాని పొట్ట చీల్చి, పాలలాంటి ద్రవం ఒక్క చుక్క గాజుపలక మీద పెట్టారు. "ఇప్పుడివి నిద్రపోతున్నాయి. నీటి బొట్టు తగిలితే లేస్తాయి. కాసేపు పరుగెత్తి ఆగిపోతాయి, అంతే. ఆ కాసేపట్లో మీరు చూడాలి" అన్నారు. నీటి బొట్టు వేశారు. నేను కన్ను ఆనించాను. గుండ్రటి తలలు, వెంట్రుకకన్నా సన్నటి తోకలు, లెక్కలేనన్ని. ఎవరో తరిమినట్టు పరుగెత్తాయి. ఎక్కడికి వెళ్లాలో వాటికి తెలిసినట్టే ఉంది. నేను పెన్సిలు అందుకునేలోపే నీరసించాయి. ఒకటీ అరా కొట్టుకుని అవీ ఆగిపోయాయి.

"ఇంతేనండీ వాటి బతుకు" అన్నారు పంతులుగారు. ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని కుడి కంటితో చూడటం ఆయనకి అలవాటు. చూశాక కూడా ఆ చెయ్యి తియ్యడం మరిచిపోయేవారు. ఒంటికన్నుతోనే నాతో మాట్లాడేవారు.

ఆయన వెతుకుతున్నది చేపల చుట్టరికం. ఏ చేప ఏ చేపకి ఏమవుతుంది, ఏ రెండింటికి ఒకే తాత. ఇంగ్లీషు సీమలో పెద్దవాళ్లు ప్రాణులన్నీ ఒకదాంట్లోంచి ఒకటి వచ్చాయని రాశారట. అయితే ఆ వంశవృక్షం గీయడానికి వాళ్లు రెక్కలు చూస్తారు, ముళ్లు చూస్తారు, పళ్లు చూస్తారు. పంతులుగారికి అది నచ్చలేదు.

"పై రూపం అబద్ధం చెప్తుందండీ" అనేవారు. "బొమ్మిడాయినీ మలుగుపామునీ పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ పాముల్లా ఉంటారు, అన్నదమ్ములంటారు. కానే కాదు. బురదలో దూరి బతకాలి కనక ఇద్దరూ అలా సన్నబడ్డారు. బురద చేసిన పోలిక అది. కొర్రమీనేమో బారుగా ఉంటుంది, గొరకేమో పొట్టిగా, ఒళ్లంతా ముళ్లతో ఉండి వానకి గట్టెక్కి నేలమీద పాకుతుంది. పోలికే లేదు. కాని వాటి గుడ్లు చూడండి. రెండింటి గుడ్లలోనూ నూనెబొట్టు, రెండూ నీటిమీద తేలతాయి. చేప మారుతుంది మాస్టారూ, ఉన్నచోటుని బట్టి. బీజానికా అవసరం లేదు. అది ఎండ చూడదు, బురద చూడదు. దాని మొహం దాచుకోవాల్సిన పని దానికి లేదు."

ఏ సంగతి అడిగినా ఆయన మొదటి మాట "చూడనిదే చెప్పనండీ". వాన పడుతుందా అంటే అదే. కాలేజీ దొరగారికి బదిలీ అయిందట నిజమేనా అంటే అదే. ఒకసారి నేను, "మనుషుల్ని కూడా ఇలా చూస్తే కులాలు కనపడతాయాండీ?" అన్నాను. గది బయట ఎవరైనా ఉన్నారేమోనని చూసి మరీ అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కనపడవనే అనుకుంటాను. కాని చూడనిదే చెప్పను" అన్నారు.

ఆయన చేప తినరు. వాళ్లింట్లో ఆ పేరే ఎత్తరు. చూడటం అయిపోయిన చేపలన్నీ నా సంచీలో మా ఇంటికి వచ్చేవి. మర్నాడు పొద్దున్నే అడిగేవారు, "ఎలా ఉందండీ రుచి?" అని.

"గొరక ముళ్లెక్కువండీ. పిల్లలు తినలేదు. రుచి మాత్రం బావుంది, కాస్త కొర్రమీనులాగే."

"చూశారా!" అని బల్ల మీద చరిచారు. లోపలంతా ఎరిగిన ప్రాణి రుచి ఆయనకి నావల్ల తెలియాలి. అందులో ఆయనకేమీ చిన్నతనం ఉండేది కాదు. సాయంత్రం ఇంటికి వెళ్లగానే మాత్రం పెరటి గుమ్మంలోంచి నూతి దగ్గరికి పోయి, కట్టుబట్టలతో నీళ్లు పోసుకుంటేగాని తల్లి లోపలికి రానిచ్చేది కాదట. చలికాలంలో ఆయన ఎప్పుడూ జలుబుతోనే ఉండేవారు.

ఆ తల్లి గురించి చెప్పాలి. చిన్నతనంలోనే భర్త పోతే, ఒక్క కొడుకుని పెట్టుకుని, అన్నల ఇళ్లల్లో వంటలు చేసి చదివించిన మనిషి. ఆవిడ కోరిక ఒక్కటే, మనవడు. కోడలు కాపురానికి వచ్చి ఏళ్లు గడిచాయి. నాగప్రతిష్ఠ చేయించింది, కోటిపల్లి తీసుకెళ్లి ముక్కోటి మొక్కులు మొక్కించింది, ఎవరో మందులవాడు ఇచ్చిన వేరు అరగదీసి తాగిస్తే ఆ పిల్ల నెలరోజులు మంచం పట్టింది. చివరికి ఇంటి వెనకాల నూతి దగ్గర, నలుగురూ ఉండగా, "గొడ్రాలు" అంది. ఒకసారి అన్నాక ఆ మాట ఇంటి పేరయింది. పేరంటాలకి పిలవడం మానేశారు. పిలిస్తే, పసిపిల్లలున్న తల్లులు చాటుకి జరిగేవారు.

ఇవన్నీ పంతులుగారు నాకు చెప్పలేదు. రాజమండ్రిలో ఇలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలుస్తాయి.

మాఘమాసంలో రెండో పెళ్లి ఖాయం చేశారని తెలిసింది. అమలాపురం దగ్గర పిల్ల, వాళ్ల దూరపు బంధువులే. ఆ సంగతి కాలేజీలో పండితులొకాయన నవ్వుతూ చెప్పి, "చేపల పంతులికి ఇకనైనా పిల్లలు పుడతారు" అన్నాడు. పంతులుగారు అప్పుడు గదిలోనే ఉన్నారు.

ఆ తరవాత ఒకరోజు పొద్దున, ఎండ ఇంకా లేతగా ఉండగా నన్ను సైన్సు గదిలోకి పిలిచారు. గాజుపలక అప్పటికే సిద్ధంగా ఉంది. తామరాకు లేదు, చేప లేదు.

"చూసి చెప్పండి" అన్నారు.

చూశాను. ఏవో నలకలు, అక్కడక్కడ గుండ్రటి చిన్న బుడగల్లాంటివి. తల లేదు, తోక లేదు, కదలిక లేదు. పలక అటూ ఇటూ జరిపి చూశాను.

"చచ్చిపోయాయేమోనండీ."

"చచ్చినవి కూడా కనపడాలి కదండీ. చచ్చినవాటిని మనం ఎన్నిసార్లు చూడలేదు?"

"అయితే కాలం కాని కాలంలో పట్టిన చేపై ఉంటుంది. ఏం చేపండీ ఇది?"

ఆయన ఎడమ కంటి మీద చెయ్యి తీశారు. రెండు కళ్లతో నన్ను చూశారు.

"చేప కాదు మాస్టారూ. నాది" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. కూచుని ఉండటం బాగాలేదనిపించింది.

"మైక్రోస్కోపు గొట్టంలో లోపమేమోనని మొదట అనుకున్నాను" అన్నారాయన, క్లాసులో పాఠం చెప్పినట్టుగానే. "కొర్రమీనుది పెట్టాను, పరుగెత్తాయి. పొట్టేలుది తెప్పించి పెట్టాను, అవీ పరుగెత్తాయి. నాది చాలాసార్లు చూశాను. ఎప్పుడు చూసినా ఇంతే. ఆ పిల్లలో ఏ లోపమూ లేదండీ. ఉన్నా నాకు తెలియదు, నేను చూడలేదు. నాలో ఉన్నది మాత్రం చూశాను."

"ఇప్పుడేం చేస్తారండీ?"

"చెప్పాలి" అన్నారు. గాజుపలక తుడుస్తూ, "మీరు రావాలి. మీరూ చూశారు కనక" అన్నారు.

నేను వాళ్ల వీధిలోకి అంతకు ముందు ఎప్పుడూ వెళ్లలేదు. మాలాంటివాళ్లు వెళ్లరు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చికి వేసుకున్న కోటుతోనే వెళ్లి, వాళ్ల అరుగుకి దూరంగా వీధిలో నిలబడ్డాను. అరుగు మీద పిల్ల తండ్రి, ఆయనతో వచ్చిన పురోహితుడు. ముహూర్తం మాట్లాడుకోవడానికి వచ్చారు. తల్లి గుమ్మం లోపల తలుపు ఆనుకుని నుంచుంది. లోపల ఎక్కడో రోలు చప్పుడు వినిపిస్తోంది.

పంతులుగారు అరుగు దిగి నా పక్కన వీధిలో నుంచుని చెప్పారు. చుట్టూ తిప్పలేదు. "మా ఆవిడకి పిల్లలు పుట్టకపోవడానికి కారణం నేను. నాలో బీజం లేదు. పరీక్ష చేసి చూసుకున్నాను. మీ అమ్మాయిని తెచ్చుకున్నా ఇంతే అవుతుంది. అందుకని ఈ పెళ్లి వద్దు."

పిల్ల తండ్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"ఎవరు చూశారు?"

"నేను చూశాను. ఈయనా చూశారు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు చూశావా?"

"చూశానండీ."

"ఏం కనపడింది?"

"ఏమీ కనపడలేదండీ."

"ఏమీ కనపడకపోతే ఏం చూసినట్టు?" అని పకపకా నవ్వాడు. పురోహితుడూ నవ్వాడు. ఎదురింటి అరుగు మీదవాళ్లు కూడా, సంగతేమిటో తెలియకుండానే నవ్వారు.

పంతులుగారు నవ్వు ఆగేదాకా ఆగారు. "అన్నిట్లోనూ కనపడిందండీ. పొట్టేలుదాంట్లో కనపడింది, చేపల్లో కనపడింది. నాదాంట్లోనే కనపడలేదు. దాన్నే చూడటం అంటారు" అన్నారు.

లోపల రోలు చప్పుడు ఆగిపోయింది.

"నోరు ముయ్యరా" అంది తల్లి. గట్టిగా అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. "మగాడివి. ఏ మగాడైనా వీధిలో నుంచుని అనే మాటేనా ఇది? ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదమ్మా. అడగకుండానే దాన్ని అన్నారు కదా అందరూ."

పిల్ల తండ్రి కాసేపు గడ్డం రాసుకుని, పురోహితుడితో ఏదో గొణిగి, "పోనీ, పిల్లలదేముంది, దైవాధీనం. మాటైపోయింది, నలుగురికీ తెలిసిపోయింది. కానివ్వండి పెళ్లి" అన్నాడు. అప్పుడు మాత్రం పంతులుగారు గొంతు పెంచారు.

"ఆ పిల్ల కూడా వచ్చి, ఈ నూతి దగ్గరే, ఈ మాటే పడాలాండీ?"

పిల్ల తండ్రి కండువా దులుపుకుని లేచాడు. తల్లి తలుపు వేసేసింది. పంతులుగారిని బయటే ఉంచి వేసేసింది. ఆయన కాసేపు ఆ తలుపు వైపు చూసి, పెరటి దోవన లోపలికి పోయారు, రోజూ చేప ముట్టుకొచ్చినప్పుడు పోయినట్టుగానే.

మంచిపని చేసినవాణ్ణి ఊరు మెచ్చుకుంటుందని చిన్నప్పుడు ఆదివారం బళ్లో చెప్పేవారు. నేను చూసినంతవరకు ఊరికి తీరిక ఉండదు. వారం తిరక్కుండా ఆ సంగతి కోటగుమ్మం నుంచి రేవులదాకా పాకింది. "చేపల పంతులు" పోయి "గొడ్డు పంతులు" అయింది. క్లాసులో వెనక బెంచీలోంచి ఎవరో పోతుగొంతుతో ఆ పేరు అరిస్తే క్లాసంతా నవ్వేది. ఆయన నల్లబల్ల వైపు తిరిగి, నవ్వు అయ్యేదాకా ఆగి, ఆపిన చోటినుంచి పాఠం చెప్పేవారు. తోటి పంతుళ్లు ఆయన్ని చూసి జాలి పడేవారు. నాకు ఆ జాలికన్నా పిల్లల నవ్వే నయమనిపించేది. తల్లి మరి రెండేళ్లు బతికింది గాని, కొడుకుతో సూటిగా మాట్లాడలేదట. ఏదైనా కావలిస్తే గోడకి చెప్పేదట.

చేపల పని మానలేదు. మిగిలింది మలుగుపాము. మిగతా అన్నిటికీ ఏదో ఒక చోటు దొరికింది ఆయన వంశవృక్షంలో. మలుగు బీజం మాత్రం దొరకలేదు. గోదావరిలో ఎన్ని మలుగుల్ని కోసినా లోపల ముడతలు ముడతలుగా ఒక పొర ఉంటుంది, అంతే. ఎప్పుడూ పండదు. చేపలు పట్టే పల్లెవాళ్లని అడిగితే, ఆ చేపకి గుడ్లుండవు, బురదలోంచే పుడుతుంది అనేవారు. వరదల్లో పెద్ద పెద్ద మలుగులు కిందికి కొట్టుకుపోతాయని, తిరిగి రావని ఒక పడవ సరంగు చెప్పాడు. ఆ మాట పట్టుకుని, ఇద్దరం ఒకసారి పడవల మీద అంతర్వేది దాకా వెళ్లాం. ఏటిమొగలో, గోదావరి సముద్రంలో కలిసేచోట, వలలు వేయించాం. ముసురు. తడిసి ముద్దయ్యాం. రెండు మలుగులు పడ్డాయి. కోసి చూస్తే అదే ముడతల పొర, కాస్త దళసరిగా.

"సముద్రంలోకి వెళ్లాకే పండుతుందండీ. అక్కడికి మనం వెళ్లలేం" అన్నారాయన.

నేను ఆయన మొహం చూసి ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఏమనబోతున్నానో ఆయనకి తెలిసిపోయింది.

"పోల్చకండి మాస్టారూ. దానికి సముద్రం ఉంది" అన్నారు.

తిరిగి వచ్చాం. నా బొమ్మలూ ఆయన రాతా కలిపి మద్రాసులో ఒక పెద్దమనిషికి పంపారు. బొమ్మలు చక్కగా ఉన్నాయని జవాబు వచ్చింది. మలుగు సంగతి తేలేదాకా వంశవృక్షం పూర్తి కాదని పంతులుగారే ఊరుకున్నారు. మరి కొన్నాళ్లకి కాకినాడ బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "మీ ఇంట్లో చేపల పులుసుకి ఇక కరువే" అన్నారు. నేను నవ్వాను. అంతే మా వీడ్కోలు.

లాకుల దగ్గర కబురు విన్న వారానికి కాకినాడ వెళ్లాను. ఇల్లు కనుక్కోవడానికి చాలా తిరగాల్సి వచ్చింది. చిన్న పెంకుటిల్లు. నేను వీధిలోంచే పేరు చెప్పుకున్నాను. లోపలినుంచి, "అరుగు మీద కూచోండి బాబూ" అని వినిపించింది. పంతులుగారి భార్య తలుపు చాటునే కూచుంది. తెల్లచీర కొంగు అంచు మాత్రం నాకు కనపడుతోంది.

"చాలా మంచివారండీ పంతులుగారు" అన్నాను. ఇలాంటప్పుడు అనే మాటే అన్నాను.

"మీరు ఆ రోజు వీధిలో నుంచున్నారు కదూ? కోటు వేసుకుని."

"అవునమ్మా."

"నాకు మేలు చేద్దామనే ఆయన ఆ మాట చెప్పారండీ. చెప్పిన రోజునుంచీ నన్నెవరూ ఏమీ అనలేదు. పేరంటాలకి పిలిచారు కూడా. ఆయన్ని అన్నారు. నూతి దగ్గర నీళ్లు తోడుతుంటే వీధిలో పిల్లలు ఆయన్ని అనడం నాకు వినపడేది. నాకైతే ఏళ్ల తరబడి అలవాటైన మాట. పప్పు రుబ్బుకుంటూ వినేసేదాన్ని. ఆయనకి అలవాటు లేదు పాపం. ఇంటికొచ్చి అన్నం కలిపి, తినకుండా లేచిపోయేవారు." కొంగు ఇంకాస్త లోపలికి లాక్కుంది. "నన్నే అననిచ్చి ఉంటే పోయేదండీ."

ఎండ అరుగు మీదికి వచ్చింది. లేచి పోదామని పైపంచె సర్దుకుంటున్నాను. అంతలో ఒక పాతికేళ్ల అమ్మాయి, చంకలో పిల్లాడు, చేతిలో గిన్నె, వెనకాల కొంగు పట్టుకుని ఇంకో పిల్ల, సందులోంచి వచ్చి నన్ను చూసి ఒక పక్కకి ఒదిగింది.

"అమలాపురం వాళ్ల పిల్లండీ" అంది లోపలినుంచి ఆవిడ. "ఆ రోజు అరుగు మీద కూచున్నాయన కూతురు. ఈ ఊరే ఇచ్చారు. పక్కవీధిలోనే కాపురం. ఆయన పోయినప్పుడు మావాళ్లు మైలని మొహాలు చాటేస్తే, ఈ పిల్లే పన్నెండు రోజులూ నా దగ్గర కూచుంది."

ఆ అమ్మాయి నన్నిక పట్టించుకోలేదు. చంకలో పిల్లాణ్ణి గడప లోపల దించి, గిన్నె పట్టుకుని, "పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా లేదా, అక్కయ్యా?" అని కసురుకుంటూ లోపలికి వెళ్లింది.